1,671 రూపాయలు: కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఇది మీకు నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అక్నాలెడ్జ్‌మెంటు కార్డులు బుద్ధిగా తిరిగొచ్చాయి, జవాబులు మాత్రం రాలేదు. దారిలో ఎవరి టేబుల్ మీద ఆగిపోయాయో, అసలు మీ కంట పడ్డాయో లేదో నాకు తెలీదు. అందుకే ఈసారి కవరులో పెట్టి అంటించకుండా, నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పయితే పెద్ద మనసుతో క్షమించండి.

పీఎఫ్ ఉన్న ఉద్యోగులకి పింఛనిచ్చే ఈపీఎస్-95 గురించి మీకు నేను చెప్పాల్సిందేముంది, స్కీమే మీ శాఖది. నేను చెప్పాలనుకున్నది ఒక్క అంకె గురించి. 1,671.

పోయిన నెల పాస్‌బుక్ ప్రింటు వేయించుకుందామని బ్యాంకుకి వెళ్లాను. కౌంటర్లో కొత్తగా వచ్చిన కుర్రాడు, మా మనవడి కంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో. బుక్కు మిషన్లో పెట్టాడు, అది కిర్రుకిర్రుమంటూ ఏడు నెలల ఎంట్రీలు కొట్టింది. 1,671. 1,671. 1,671. కుర్రాడు పేజీ వెనక్కి తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు, నవ్వాడు. "ఏంటి పెద్దాయనా, ఎవరైనా అద్దె ఇస్తున్నారా? ఎప్పుడూ పెంచరా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. అద్దె అనుకున్నాడు పాపం. అద్దె అయితే ఏడాదికోసారి అయిదో పదో శాతం పెంచేవాణ్ణి కదండీ! పింఛను బాబూ అన్నాను. నవ్వు ఆపేసి బుక్కు చేతికిచ్చాడు.

ఇంటికొచ్చి బీరువాలోంచి పాత పాస్‌బుక్కులు తీసి పక్కన పెట్టుకుని చూశాను. మూడు బుక్కులు అయ్యాయి. మొదటి దాని మీద ఆంధ్రా బ్యాంకు అని ఉంది. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, బోర్డు మారింది, బుక్కు రంగు మారింది. కిందటి ఏడాది జనవరి నుంచి, అంటే 2025 నుంచి, దేశంలో ఏ బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా పింఛను తీసుకోవచ్చని మీ శాఖ కొత్త పద్ధతి కూడా తెచ్చింది. 78 లక్షల మందికి మేలు అని పేపర్లో చదివి సంతోషించాను, అబద్ధం చెప్పను. కానీ అయ్యా, కాశ్మీరులో తీసుకున్నా కన్యాకుమారిలో తీసుకున్నా నాకొచ్చేది 1,671 రూపాయలే.

ఈ అంకె ఎలా వచ్చిందో మీకు తెలుసు, అయినా ఒకసారి వినండి. 1996 ఏప్రిల్‌లో స్పిన్నింగ్ మిల్లులో చేరాను. అంతకు ముందు పన్నెండేళ్లు జిన్నింగు మిల్లులో చేశాను, అక్కడ పీఎఫ్ అన్న మాటే వినపడేది కాదు కాబట్టి అవి ఏ లెక్కలోకీ రావు. స్పిన్నింగ్‌లో రింగ్ ఫ్రేము, అంటే దారం వడికే మిషను, దగ్గర సైడరు పని. దారం తెగిన చోటల్లా వేలితో అతకాలి. తిరుగుతూ, వంగుతూ, అతుకుతూ షిఫ్టంతా గడవాలి, కూర్చోడానికి స్టూలుండదు. 2014 మార్చి 31న 58 నిండి దిగిపోయాను. పద్దెనిమిదేళ్ల సర్వీసు. దిగేనాటికి నా జీతం 8,200. కానీ మీ లెక్కలో 6,500 దాటిన జీతం జీతం కాదు. 6,500 ని 18 తో హెచ్చవేసి 70 తో భాగించండి. పదో తరగతి చదివే మా మనవడు ఫోన్లో చేసి చూపించాడు, 1,671 రూపాయల 43 పైసలు. ఆ 43 పైసలు ఏమయ్యాయని నేను అడగను. 70 ఎక్కడిది తాతా అని వాడు అడిగాడు, అది మాత్రం నాకూ తెలీదు. ఇప్పుడు నా వయసు దానికి దగ్గరకొచ్చింది కాబట్టి, బహుశా అందుకేనేమో అన్నాను.

పీఎఫ్ డబ్బులొచ్చాయిగా, అవేం చేశావని మీకు అనిపించొచ్చు. వచ్చాయి, కాదనను. మధ్యలో ఇంటికని కొంత అడ్వాన్సు తీసుకోగా మిగిలింది రెండు లక్షల చిల్లర. అమ్మాయి పెళ్లి అప్పు తీర్చాను, పైకప్పు రేకులు తీసి స్లాబు వేయించాను. ఇందులో జల్సా ఎక్కడుందో నాకైతే కనపడలేదు. ఇప్పుడు మిగిలింది పింఛనే. బీపీకి, షుగరుకి మా ఇద్దరి మందులే నెలకి 1,400 దాటుతున్నాయి. మిగిలిన దాంతో మేము ఏం తింటున్నామని దయచేసి లెక్క అడక్కండి, అబ్బాయి పంపేది తింటున్నాం. వాడు హైదరాబాదులో ఒక హోటల్లో పని చేస్తాడు. వాడిదీ పీఎఫ్ కట్ అవుతోంది. ఆ మాట తలుచుకుంటేనే నాకు టెన్షన్.

నా దురదృష్టం ఇంకొకటి ఉంది, దాని పేరు అయిదు నెలలు. నేను దిగిన అయిదు నెలలకి, 2014 సెప్టెంబరు 1 నుంచి, జీతం పరిమితి 6,500 నుంచి 15,000 చేశారు. ఆ అయిదు నెలలు ఉండి ఉంటే బంగారం పండేదని అనను, మీ వాళ్లు సర్వీసుని రెండు ముక్కలు చేసి పాత ముక్కకి పాత లెక్కే వేస్తారట, అది వేరే బాధ. అదే రోజు నుంచి కనీస పింఛను వెయ్యి అన్నారు. దానికీ నేను పనికి రాలేదు, ఎందుకంటే 1,671 వెయ్యి కంటే ఎక్కువ. నేను ధనవంతుణ్ణి! 2022 నవంబరు 4న, పరిమితి దాటిన అసలు జీతం మీద కూడా పింఛను కోరుకోవచ్చని సుప్రీం కోర్టు తీర్పొచ్చినప్పుడు మా కాలనీలో రిటైరైన వాళ్లందరూ పండగ చేసుకున్నారు, నేనూ స్వీటు తిన్నాను. తర్వాత తెలిసింది, 2014 సెప్టెంబరు 1కి ముందు, అలా కావాలని ఆప్షన్ రాసివ్వకుండా రిటైరైన వాళ్లకి ఆ తీర్పులో చోటు లేదని. ఆప్షన్ అనేది ఒకటుందని మా మిల్లు నోటీసు బోర్డు మీద పద్దెనిమిదేళ్లలో నేనెప్పుడూ చూడలేదు. డాఫింగ్ (నిండిన బాబిన్లు తీసే) టైములు, లేటుగా వస్తే జరిమానాలు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండేవి.

సరే, కోర్టు సంగతి కోర్టుది. మీ దగ్గరికే వస్తాను. 2013లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ, భగత్ సింగ్ కోశ్యారీ గారు అధ్యక్షులుగా ఉండగా, కనీస పింఛను మూడు వేలు చెయ్యమంది. మేం అడిగింది కాదు, మీ పార్లమెంటు చెప్పింది. అప్పటికి నేనింకా మిల్లులోనే ఉన్నాను. మూడో షిఫ్టులో టీ తాగుతూ, మనం దిగేసరికి మూడు వేలు ఖాయం అని ఒకరికొకరం చెప్పుకున్నాం. మూడు వేలన్నది వెయ్యి అయింది. ఆ వెయ్యి పదకొండేళ్లు దాటినా వెయ్యి దగ్గరే కూర్చుంది. స్కీము పెట్టిన తొలినాళ్లలో ఏటా ఏదో కొంత రిలీఫ్ అని కలిపేవారని మా సీనియర్లు చెప్పేవారు. ఆ ముచ్చట నా దాకా రాలేదు.

ఎప్పుడు అడిగినా మీ వైపు నుంచి పార్లమెంటులో వచ్చే జవాబు నాకిప్పుడు కంఠతా వచ్చు. జీతంలో యాజమాన్యం కట్టేది 8.33 శాతం, కేంద్రం ఇచ్చేది 1.16 శాతం, ఫండు లోటులో ఉంది, పరిశీలనలో ఉంది. అయ్యా, లోటు ఉన్న మాట నిజమే కావచ్చు. నేను ఎనిమిది దాకా చదివినవాణ్ణి, ఫండు లెక్కలు నాకు తెలీవు. కానీ 2025 మార్చిలో ఎంపీల పింఛను 25,000 నుంచి 31,000 అయింది, అది కూడా 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి. ధరల సూచీ ప్రకారం పెంచామన్నారు. ధరలు పెరిగాయన్న సంగతి ఢిల్లీకి తెలిసిందన్నమాట! 2025 ఏప్రిల్ నుంచే కేంద్ర ఉద్యోగులకి కొత్త పింఛను స్కీము వచ్చింది, పదేళ్లు పనిచేస్తే కనీసం పది వేలట. ఇవ్వండి, వాళ్లు మాత్రం కష్టపడలేదా. నేను కుళ్లుకోవడం లేదు. కంది పప్పు వాళ్లకీ నాకూ ఒకే రేటుకి అమ్ముతున్నారు కదా అని మాత్రమే అంటున్నాను.

మా ఎదురింటి అక్క కూలికి వెళ్లేది, ఇప్పుడు ఓపిక లేదు. ఆవిడకి రాష్ట్ర ప్రభుత్వం నెలకి నాలుగు వేలు ఇస్తోంది, ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటికొచ్చి మరీ ఇస్తారు. ఆవిడకి రావడం న్యాయం, నాలుగు కాదు అయిదొచ్చినా నాకు సంతోషమే. మా ఆవిడ పోరు పడలేక నేనూ వెళ్లి అడిగాను. "మీకు ఆల్రెడీ పింఛను వస్తోంది కదండీ, ఇంకోటి కుదరదు" అన్నారు. మర్యాదగానే చెప్పారు. పద్దెనిమిదేళ్లు పీఎఫ్ ఉన్న ఉద్యోగం చేసినందుకు నాకు దక్కిన లాభం ఏంటంటే, నాలుగు వేలకి అర్హత పోవడం. ఆ ఉద్యోగం దొరికిన రోజు మా నాన్న కోటప్పకొండకి వెళ్లి కొబ్బరికాయ కొట్టొచ్చాడు, పింఛను ఉద్యోగం అని.

ఈ మధ్య మా ఆవిడ ఇంకో లెక్క తీసింది. "ఏమండీ, మీకేమన్నా అయితే నాకు సగం వస్తుందంటగా, ఎంత?" అంది. 835 అన్నాను. మళ్లీ నేనే, కాదులే, కనీసం వెయ్యి ఇవ్వాలి కాబట్టి వెయ్యి ఇస్తారు అన్నాను. "పోనీలెండి, వెయ్యన్నా వస్తుంది" అని చాట తీసుకుని బియ్యం ఏరుకోడానికి వెళ్లిపోయింది. మంత్రిగారూ, నలభై ఏళ్ల కాపురంలో ఆవిడకి నేను వదిలి వెళ్లేదేంటో ఆవిడ అంత తాపీగా లెక్క వేసుకుంటుంటే, గుమ్మం దగ్గర కూర్చుని నేనేం చెయ్యాలి? మీరైతే ఏం చేస్తారు?

ఏడాదికోసారి బతికున్నానని నిరూపించుకునే తంతు గురించి ఎక్కువ రాయను. దారాలు అతికీ అతికీ నా చూపుడు వేలు, బొటన వేలు గీతలు అరిగిపోయాయి, మిషను పట్టదు. మీసేవ కుర్రాడు వేలికి కొబ్బరినూనె రాసి తుడిచి, మళ్లీ పెట్టించి, నాలుగుసార్లు అయ్యాక ఇప్పుడు ముఖం చూపించే పద్ధతి వచ్చింది తాతా అని ఫోను ఎదురుగా పెట్టాడు. కళ్లు ఆర్పమంది, ఆర్పాను. పచ్చ టిక్కు వచ్చింది. ఈ ఒక్క విషయంలో మీ శాఖకి నిజంగానే థ్యాంక్స్. వ్యంగ్యం కాదు.

ఆన్‌లైన్ పోర్టల్‌లో కూడా మొర పెట్టుకున్నాను, మనవడితో టైపు చేయించి. పదహారు రోజులకి మెసేజి వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. వాడు ఎగిరి గంతేశాడు. నేను మర్నాడే బ్యాంకుకి పరిగెత్తాను. ఎంత పడిందో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇంతకీ నేను అడిగేదేంటంటే, పెంచండి. ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర మా వాళ్లు ఏళ్ల తరబడి కనీసం 7,500, దాని మీద డీఏ, వైద్యం అడుగుతున్నారు. నాదీ అదే మాట. అంత కుదరదంటారా, మీ పార్లమెంటు కమిటీ చెప్పిన ఆ పాత మూడు వేలైనా ఇవ్వండి, 2013 నాటి మూడు వేలు ఇప్పుడు ఎంతకి సమానమో నేను అడగను. అదీ కుదరదంటే, ఏడాదికి ఇంత అని ధరల్ని బట్టి పెరిగే ఏర్పాటయినా చెయ్యండి. వంద పెంచండి. యాభై పెంచండి. ఆ అంకె కదలాలి, అంతే. పాస్‌బుక్కులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పై లైనుకీ కింది లైనుకీ తేడా కనపడాలి. కుదరదంటే కుదరదని అయినా ఎవరిచేతనైనా రాయించండి. పరిశీలనలో ఉంది అని మాత్రం రాయించకండి, నాకు డెబ్బై వస్తున్నాయి.

యాజమాన్యం కట్టింది, ప్రభుత్వం కట్టింది అని మీ కాగితాల్లో ఉంటుంది. ఆ 8.33 శాతం నేను నిలబడ్డ గంటల్లోంచి వచ్చింది. దయ చేయమని కాదు అడిగేది. దయ అనుకుని ఇచ్చినా తీసుకుంటాను లెండి, ఆ పౌరుషాలన్నీ మిల్లు గేటు దగ్గరే వదిలేసి వచ్చాను.

జవాబు రాయిస్తే తెలుగులో రాయించండి, మా ఆవిడ కూడా చదువుకుంటుంది. పోస్టులోనే పంపండి, పోర్టల్‌లో వద్దు. మా పోస్ట్‌మాన్‌కి నా సంగతి తెలుసు, ఢిల్లీ నుంచి ఏదైనా వస్తే సైకిలు మీద నుంచే కేకేస్తానన్నాడు.

ఇట్లు,
మీ విధేయుడు,
రింగ్ ఫ్రేము సైడరు (రిటైర్డ్), గుంటూరు జిల్లా

పేరు రాయలేదని అనుకోకండి. మాలాంటి వాళ్లని ఎక్కడికెళ్లినా పేరు అడగరు, పీపీఓ నంబరే, అంటే పింఛను ఆర్డరు నంబరే, అడుగుతారు. అది మొదటి మూడు ఉత్తరాల మీద రాసి ఉంది.