ఈ ఏడాది మన ప్రసంగాలు: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన చుట్టూ ఉన్న ప్రకృతి మీద, మన ప్రాంతం చరిత్ర మీద నెలకో ప్రసంగం పెట్టుకుందామని పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం కదా, రెండు నెలలు తప్ప మాట నిలబెట్టుకున్నాం. ఆ రెండు నెలల్లో ఒకసారి వాన, ఒకసారి పిల్లల పరీక్షలు. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు, అవి అక్కడ చూసుకోండి. ఏం విన్నాం, ఏం చూశాం, ఎక్కడ తప్పు చేశాం అన్నదే నేను రాస్తున్నాను.

ఇప్పటికీ ఎక్కువమంది అడిగేది మేడిపండు రోజు గురించి. పొట్ట విప్పితే పురుగులుంటాయని అందరం బళ్లో చదువుకున్నవాళ్లమే, కానీ నిజంగా విప్పి చూసినవాళ్లు చెయ్యెత్తండి అంటే లేచినవి రెండే చేతులు. ఆ రోజు మాట్లాడిన వృక్షశాస్త్రం మేడమ్ స్లయిడ్లేమీ తేలేదు, ఒక పళ్లెం నిండా పచ్చికాయలు, పండ్లు తెచ్చి బ్లేడుతో నిలువునా కోసి మా చేతికి భూతద్దం ఇచ్చారు. లోపల గోడంతా కిక్కిరిసిన సన్నటి పూలు. మేడి పూయదనుకుంటాం గానీ పూలన్నీ కాయ లోపలే పూస్తాయి. ఆడ కందిరీగ, అది నువ్వుగింజంత కూడా ఉండదు, కాయ కొసన ఉన్న కన్నంలోంచి లోపలికి దూరుతుంది, ఆ ఇరుకులో దాని రెక్కలు ఊడిపోతాయి, వెంట తెచ్చిన పుప్పొడి పూలకంటించి గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. ఆ గుడ్లలోంచి వచ్చే మగవాటికి రెక్కలే ఉండవు. అవి ఆడవాటితో జతకట్టి, వాటికి బయటికి దారి తొలిచి, తమ బతుకు అంతటితో ముగిస్తాయి. మర్రి, రావి, జువ్వి, మేడి ఒకే ప్రజాతి (ఫైకస్) చెట్లు, ప్రపంచంలో ఆ ప్రజాతిలో 750కి పైగా జాతులున్నాయి, చాలావాటికి దేని కందిరీగ దానిదే. ఇదంతా చెబుతుండగానే ఒక పాప భూతద్దం కన్నం దగ్గర పెట్టి "ఇదిగో రెక్క" అంది. నిజంగానే అక్కడ చిరిగిన రెక్క ముక్క ఇరుక్కుని ఉంది. మైకు పక్కన పెట్టేసి అందరం ఆ పాప చుట్టూ మూగాం.

ఫిబ్రవరిలో పిట్టల లెక్క. 1998లో అమెరికాలో మొదలై 2013 నుంచి ప్రపంచమంతా చేస్తున్న గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మనమూ చేరాం. ఒకచోట కనీసం 15 నిమిషాలు నిలబడి కనపడినవి, వినపడినవి రాసుకోవడమే పని. గోరింకలు, పికిలిపిట్టలు, జెముడుకాకి, తేనెపిట్ట... పిచ్చుకల కోసం చాలాసేపు చూశాం, రాలేదు. అది కూడా రాసుకున్నాం. పదేళ్ల తర్వాత ఎవరైనా చూస్తే ఆ లేకపోవడం కూడా సమాచారమే.

ఒక్క ప్రసంగం మాత్రం పూర్తిగా బెడిసికొట్టింది, దాచడం ఎందుకు. గంటన్నర పాటు రాజవంశాల పేర్లు, యుద్ధాల తేదీలు. వక్తకి బాగా తెలుసు, తప్పు ఆయనది కాదు, మన ప్రాంతం గురించి చెప్పండని ముందే అడగకపోవడం మాది. సగంమంది మధ్యలోనే లేచి వెళ్లారు.

దాని తర్వాతి నెల వక్తనే పిలవలేదు. పాత పటం ఒకటి గోడకి తగిలించి, పెద్దవాళ్లని ముందు కూర్చోబెట్టి, ఒక్కో చోటికి ఆ పేరెలా వచ్చిందని పిల్లలతో అడిగించాం. తూము (చెరువు నీళ్లు వదిలే దారి), అలుగు (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు), కట్ట అని ఇంకా పిలుస్తూనే ఉన్నాం, అక్కడ చుక్క నీరు లేదు. చెరువు పూడిపోయినా పేరు పోలేదు. గట్టి వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో గుర్తున్నవాళ్లు పటం మీద పెన్సిల్‌తో గీశారు, ఆ గీతలు చాలావరకు పాత చెరువు హద్దులోనే పడ్డాయి. ప్రకృతి వేరు, చరిత్ర వేరు అని రెండు కమిటీలు పెట్టుకున్నాం గానీ ఆ రోజుతో ఒకటే చేసేశాం.

ఇక చెప్పడానికి కష్టంగా ఉన్న విషయం. ఆ సభలో అందరికంటే పెద్దాయన ముప్పావుగంట మాట్లాడారు. చెరువులో ఎండాకాలం ఎవరెవరు ఒండ్రుమట్టి తీసేవారో, నీటి వంతులు ఎలా పంచుకునేవారో అన్నీ చెప్పారు. రికార్డు చేస్తున్న ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయి మొదటి ఆరు నిమిషాల దగ్గరే ఆగిపోయిందని ఇంటికెళ్లాక గాని చూసుకోలేదు. మళ్లీ కూర్చుందామనుకుంటూనే నెల గడిచింది, ఈలోగా ఆయన కన్నుమూశారు. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి స్థానికుల దగ్గర విని, ఉన్న రికార్డులు చూసి రాయించబట్టే కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రల రాతలు, మనకి మిగిలాయి. ఈ రోజు అందరి జేబుల్లోనూ ఫోన్ ఉండి కూడా మనం ఒక మనిషి మాట నిలుపుకోలేకపోయాం. ఆ ఫోన్ నాదే.

అందుకని వచ్చే ఏడాది రెండు మార్పులు. ప్రతి సభనీ రెండు ఫోన్లలో రికార్డు చేసి, అదే రాత్రి ఇద్దరు విని సరిచూస్తారు, దీనికి నలుగురు కావాలి, పేర్లు ఇవ్వండి. సభకి రాలేని పెద్దవాళ్ల ఇంటికి మనమే వెళతాం. మీ ఇంట్లో పాత ఫొటోలు, ఉత్తరాలు, భూమి కాగితాలు ఏమైనా ఉంటే తీసుకురండి, మీ ముందే స్కాన్ చేసి అప్పటికప్పుడే తిరిగిచ్చేస్తాం. ఫొటో వెనక ఎవరెవరో రాసి లేకపోతే మాత్రం గుర్తుపట్టగలిగినవాళ్లని కూడా వెంట తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి