దెయ్యం నవలలు అద్దెకిచ్చినదాన్ని, నా మాటా వినండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. హారర్ నవలలు చదివేవాళ్లది బలహీనమైన మనసు అన్నారాయన. రాసేవాళ్లు జనం భయాన్ని సొమ్ము చేసుకుంటారన్నారు. వాటివల్ల మూఢనమ్మకాలు పెరుగుతాయన్నారు. గ్రంథాలయాల్లో అలాంటి పుస్తకాలు ఉంచకూడదన్నారు. ఆ మాటలు నాకు చాలా కష్టంగా అనిపించాయి. ఎందుకంటే 1984 నుంచి 2003 దాకా విజయనగరంలో, గంటస్తంభానికి దగ్గర్లోని ఒక సందులో, మా ఆయనా నేనూ అద్దె పుస్తకాల షాపు నడిపాం. ఆ నవలలు పట్టుకెళ్లిన మనుషులు నాకు తెలుసు.

నవలకి రోజుకి అర్ధరూపాయి, వారపత్రికకి పావలా. హారర్ నవలల్ని మాత్రం నా కుర్చీ వెనక అరలో పెట్టేదాన్ని. ఎక్కువగా పోయేవి అవే, కుట్లు ముందుగా ఊడిపోయేవీ అవే. వాటి అంచుల్లో పెన్సిల్ రాతలు ఉండేవి. ఒక నవలలో నూట పన్నెండో పేజీ పైన ఎవరో 'ఇక్కణ్ణుంచి పగలు చదవండి' అని రాశారు. దాని కింద ఇంకో చేతిరాత, 'నిజమే'. దాని కింద మరొకరు, 'రాత్రే చదివాను, పక్కన మా చెల్లి ఉంది'. పుస్తకాల మీద రాస్తే మా ఆయన ఊరుకునేవారు కాదు, ఆ పేజీ జోలికి మాత్రం పోలేదు. ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్లు ఆ పేజీ దగ్గర ఒకరికొకరు తోడు నిలబడ్డారు.

ఎవరు చదివేవారంటే, ఎక్కువగా ఆడవాళ్లు, ఇంటర్ చదివే పిల్లలు, కొత్తగా కాపరానికి వచ్చిన కోడళ్లు. స్టేషన్‌లో నైట్ డ్యూటీ చేసే ఒకాయన ఉండేవారు. ఇంటి పెద్దలు, ఉద్యోగంలో పైన ఉన్నవాళ్లు డిటెక్టివ్ నవలలు తీసుకునేవారు గానీ ఇవి ముట్టుకునేవారు కాదు. ఇదెందుకిలా అని చాలాకాలం నాకు అర్థం కాలేదు.

ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆయాగా చేసే అమ్మాయి వారానికి రెండు పట్టుకెళ్లేది. పగలంతా రోగుల మధ్య తిరిగి రాత్రి ఇవేం చదువుతావమ్మా అని ఒకరోజు అడిగాను. అప్పుడు చెప్పింది. దాని కూతురికి నాలుగేళ్లు. కాస్త పరిగెడితే పిల్ల పెదాలు నీలంగా మారేవట. ఈమె భయపడి చెబితే అత్తగారు 'నీకన్నీ అనుమానాలే' అనేది. మొగుడు నవ్వేసేవాడు. చూపించిన డాక్టరు కూడా బలానికి టానిక్కు రాసి పంపాడు. ఏడాది గడిచాక విశాఖలో పరీక్షలు చేస్తే గుండెలో రంధ్రం అని తేలింది. ఆపరేషన్ అయింది, పిల్ల బతికింది. ఇదంతా చెప్పి ఆ అమ్మాయి అన్న మాట నేను మర్చిపోలేదు: "పుస్తకంలో ఆ తల్లి మాట ఆకరికైనా నమ్మినారప్పా. మా ఇంటికాడ నా మాట ఎవులు నమ్మినారు?"

అప్పట్నుంచి నేను కూడా ఆ నవలలు వేరేగా చదవడం మొదలుపెట్టాను. ఏది తీసుకున్నా మొదట భయపడేది పసిపిల్లో, పనిమనిషో, కొత్త కోడలో. 'ఆ గదిలో ఎవరో ఉన్నారు' అంటుంది. గాలి అంటారు, పిల్లి అంటారు, కలగన్నావంటారు. ఆమె చెప్పేది నిజమని తెలిసినవాళ్లం చదివే మనమే. ప్రేమ నవలలో అమ్మాయి భయపడితే హీరో తల నిమిరి ఊరుకోబెడతాడు. హారర్ నవలలో భయపడ్డ మనిషిదే సరైన మాట అవుతుంది. మాటకి విలువ లేని ఇళ్లలో ఉండేవాళ్లకి అది ఎంత ఊరటో, మాటకి విలువ ఉన్నవాళ్లకి చెప్పినా తెలియదు. ఆ రచయితల మీద పాఠకుల అభిమానం కూడా అక్కణ్ణుంచే వచ్చిందని నా నమ్మకం. నన్ను రచయితల అడ్రసులు అడిగినవాళ్లలో ఎక్కువమంది హారర్ పాఠకులే. ఒక ఇంటర్ పిల్ల తను రాసిన ఉత్తరం నాకు చూపించింది. అందులో పొగడ్తలేం లేవు. 'మీకూ రాత్రుళ్లు ఇలాగే అవుతుందా?' అని ఉంది, అంతే.

మూఢనమ్మకాలు పెరుగుతాయని ఆ పాఠకుడు రాసింది మాత్రం కొట్టిపారేసే మాట కాదు. నేను పుట్టింది సాలూరు పక్క పల్లెలో. చిల్లంగి, అంటే చేతబడి, అన్న ఒక్క మాట మనిషిని ఏం చేస్తుందో చిన్నప్పుడే చూశాను. ఒంటరిగా ఉండే ఒక ముసలామె ఇంటిమీద మా ఊళ్లోవాళ్లే రాళ్లేశారు. ఆమె మళ్లీ ఊళ్లో కనబడలేదు. రాళ్లేసినవాళ్లలో ఒక్కరూ నవల చదివినవాళ్లు కారు. అయినా ఒప్పుకుంటాను, కొన్ని నవలలు ఆ రాళ్లేసినవాళ్ల పనే చేశాయి. కీడంతా తీసుకెళ్లి ఏ ఆదివాసీ మీదో, ఏ దిక్కులేని ముసలిదాని మీదో పెట్టాయి. అవి నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు.

'తులసిదళం' గురించి మా ఇంట్లోనే పెద్ద గొడవ జరిగేది. యండమూరి గారి ఆ నవల కాపీలు మా షాపులో మూడుండేవి. మూడూ ఎప్పుడూ బయటే. రంగనాయకమ్మ గారు దాన్ని గట్టిగా విమర్శించారు కదా, మా ఆయన ఆవిడ పక్షం. నేను పాఠకుల పక్షం. చివరికి ఆయన ఒక పద్ధతి పెట్టారు: నవలతోపాటు ఆ విమర్శ కూడా పట్టుకెళ్తే నవలకి సగం అద్దే. చాలామంది రెండూ పట్టుకెళ్లి, రెండూ చదివి, షాపు ముందు నిలబడి వాదించుకునేవారు. బలహీనమైన మనసులు అలా వాదించుకుంటాయా?

మన గురజాడ వారి 'కన్యాశుల్కం'లో పూజారి గవరయ్య దెయ్యాన్ని సీసాలో పెట్టి బిరడా బిగించానంటాడు. నమ్మమంటాడు, డబ్బు అడుగుతాడు. హారర్ రచయిత నమ్మమని ఎక్కడా అనడు. చివరి పేజీదాకా తోడు రమ్మంటాడు. ఈ తేడా మా షాపుకొచ్చిన పదిహేనేళ్ల పిల్లలకి కూడా తెలుసు.

ఇక రచయితలు భయాన్ని సొమ్ము చేసుకుంటారన్న మాట. ఇంగ్లీషు రచయిత్రి మేరీ షెల్లీ సంగతి నాకు మా మనవరాలు చెప్పింది. ఆవిడ పుట్టిన కొద్దిరోజులకే తల్లి చనిపోయింది. 1815లో ఆవిడకి నెలలు నిండకుండా పుట్టిన పాప రెండు వారాలైనా బతకలేదు. తర్వాత ఒక కల వచ్చిందని డైరీలో రాసుకుంది: పాప చనిపోలేదు, ఒళ్లు చల్లబడిందంతే, మంట దగ్గర రుద్దితే మళ్లీ బతికింది. మరుసటి ఏడాది, పద్దెనిమిదేళ్ల వయసులో, ప్రాణం లేని శరీరానికి ప్రాణం పోసే మనిషి కథ మొదలుపెట్టింది. అదే 'ఫ్రాంకెన్‌స్టైన్'. 1818లో అచ్చైనప్పుడు పుస్తకం మీద ఆవిడ పేరు కూడా లేదు. ఆ తల్లి తన భయాన్ని ఎవరికి అమ్ముకున్నట్టు?

మా మనవరాలే ఇంకొకటి కూడా చూపించింది. కరోనా మొదటి నెలల్లో మూడొందల పైచిలుకు మందిని అడిగి 2021లో ప్రచురించిన ఒక పరిశోధనలో, హారర్ సినిమాలు ఇష్టపడేవాళ్లకి మిగతావాళ్లకంటే మానసికమైన ఇబ్బంది తక్కువగా కనబడిందట. మూడొందలంటే పెద్ద సంఖ్య కాదు. కానీ బలహీనులని రాసేముందు అదైనా చూడాల్సింది. భరతముని కూడా భయానకాన్ని రసాల్లో ఒకటిగా లెక్కపెట్టాడు, పక్కకి నెట్టలేదు. చందమామలో బేతాళుణ్ణి భుజాన మోసే విక్రమార్కుడి బొమ్మ చూసి పెరిగిన మనకి ఈ పుస్తకాలమీద ఇంత కోపం ఎందుకో తెలియదు.

షాపు మూసేశాక పుస్తకాలన్నీ అమ్మేశాం. పెన్సిల్ రాతలున్న నవలతో కలిపి పదకొండు మాత్రం నా దగ్గర మిగిలాయి. మన జిల్లాలో ఏ గ్రంథాలయమైనా తీసుకుంటానంటే ఇచ్చేస్తాను. మా ఆయన దాచిన రంగనాయకమ్మ గారి విమర్శ కూడా ఇస్తాను, రెండూ పక్కపక్కనే పెట్టాలి. నూట పన్నెండో పేజీలో రాతలు చెరపకూడదు.

— ఒకప్పటి అద్దె లైబ్రరీ యజమానురాలు, విజయనగరం