థోర్ వాళ్ళ అమ్మ సంగతి

కావలి,
ఆదివారం

చిరంజీవి మధుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఎండలు అప్పుడే ముదిరాయి. పెరటి మామిడికి కాపు బాగానే ఉంది కానీ గాలికి పిందెలు రాలిపోతున్నాయి. వాటిని వేసి మొన్న బొమ్మిడాయిల పులుసు పెట్టాను. రెండో రోజైతేనే రుచి అని మీ నాన్న సగం గిన్నె దాచి పెట్టించారు. నువ్వు ఫోను చేసి చాలా రోజులైంది. పని ఒత్తిడి వల్లనే అనుకుంటున్నాను.

బుజ్జి సెలవులకు వచ్చింది. దానితో కూర్చుని టీవీలో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ చూశాను. 2019లో నువ్వు నెల్లూరు వెళ్ళి చూసి వచ్చి, అన్నం తింటూ కథంతా చెప్పిన సినిమా. అప్పుడు నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. ఇప్పుడు అందులోని వీరుల్లో ఒకడైన థోర్, రాణి అయిన తన తల్లిని కలిసే చోట మాత్రం టీవీకి అతుక్కుపోయాను. కాలంలో వెనక్కి, సరిగ్గా ఆమె చనిపోయే రోజుకు వెళతాడు కదా. పొట్ట వచ్చి, గడ్డం మాసి, తాగుడుకు అలవాటుపడి ఉంటాడు. ఆమె కంట పడకూడదని చూస్తాడు. ఆమె వెనక నుంచి వచ్చి పట్టుకుంటుంది. ఆ బట్టలేమిటి అంటే ఎప్పుడూ వేసుకునేవే అంటాడు. రంగు మారిన కన్ను చూసి, ఏమైంది అంటే యుద్ధంలో దెబ్బ తగిలిందంటాడు. పొట్ట గురించి ఒక్క మాట అడగదు, చూశావా? ఆ కన్ను చూసి, ఆ బొంకు వినగానే, వీడు నిన్నటి దాకా తన దగ్గరున్న కొడుకు కాదని గుర్తుపట్టేస్తుంది.

సుబ్బక్క వాళ్ళ గృహప్రవేశానికి శీను వచ్చాడు. నువ్వు ఆఫీసుకు రావడం లేదని, గది కూడా మారావని అన్నాడు. వాడు ఏదో విని ఉంటాడు. నేను పట్టించుకోలేదు.

సినిమా మీద నాకూ బుజ్జికీ అసలు తగవు ఆ తర్వాత వచ్చింది. నీకు జరగబోయేది చెప్పాలమ్మా అని థోర్ అంటే ఆమె వద్దంటుంది. నువ్వు వచ్చింది నీ భవిష్యత్తు బాగుచేసుకోవడానికి, నాది కాదు అంటుంది. ఆ రోజే తాను పోతానని ఆమెకు తెలుసా, తెలియదా? తెలియదు, తెలిస్తే భయపడేది కదా అని బుజ్జి వాదన. తెలుసునని నేను. అంత మొనగాడు పసివాడిలా పట్టుకుని ఏడుస్తుంటే, ఆ ఏడుపు దేనికో తల్లికి అర్థం కాదా? వాడు నోరు విప్పితే ఆ కాస్త సమయం తన చావు గురించే గడిచిపోతుంది, వాడి గోడు వాడిలోనే మిగిలిపోతుంది. అందుకే ఆపింది. చివరికి ఆకుకూరలు తినమని చెప్పి పంపిస్తుంది. బుజ్జి నవ్వింది. నాకు గొంతు పట్టేసింది.

మీ చిన్నమామయ్య ఇస్కపల్లి రొయ్యల గుంటల సంగతి గుర్తుకొచ్చింది. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చి, చేతికందిన టైగర్ రొయ్య కొద్ది రోజుల్లోనే చచ్చి గట్లకు కొట్టుకొచ్చింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒక రాత్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటికి వచ్చి, పంట బ్రహ్మాండంగా ఉంది, త్వరలోనే పట్టుబడి అన్నాడు. మీ అమ్మమ్మ వడ్డిస్తూ పీట మీద మడిచిన పాదాలు చూసింది. రోజంతా ఉప్పునీళ్ళలో దిగేవాళ్ళకు వేళ్ళ సందులు ఒరుసుకుపోయి తెల్లగా పాలిపోతాయి, గోళ్ళలో నల్ల బురద ఎంత రుద్దినా పోదు. మామయ్య పాదాలు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. మా అమ్మ ఏమీ అనలేదు. ఇంకో గరిటె పెరుగు వేసింది. పెరట్లో చేతుల మీద నీళ్ళు పోస్తూ, “గుంటలు ఎండబెట్టి ఎన్నాళ్ళయింది నాయనా?” అని అడిగింది. ఆయన అక్కడే కూలబడి ఏడ్చాడు. తెల్లవారాక క్యాలెండరు వెనక పెన్సిలుతో మేత కొట్టుకు ఎంత, రొయ్యపిల్లల హేచరీకి ఎంత, కౌలు ఎంత అని వరసగా రాయించింది. మా నాన్నను కేకలు వేయనివ్వలేదు. అప్పులు తీరడానికి ఏళ్ళు పట్టింది కానీ, మామయ్య ఇంటికి రావడం మాత్రం మానలేదు.

మా అమ్మకు పాదాలు కనిపించాయి, ఆ రాణికి కన్ను కనిపించింది. నాకు నీ గొంతు తప్ప ఏమీ కనిపించదు. వీడియో కాల్ అంటే కెమెరా పాడైందంటావు. నా బీపీకి భయపడి ఏదైనా దాస్తున్నావేమో. నా బీపీ సంగతి నేను, డాక్టరు చూసుకుంటాం, మాత్రలు వేళకు వేసుకుంటున్నాను. నీ సంగతి నువ్వు చెప్పు. ఉద్యోగం పోతే పోయిందని చెప్పు, మానేస్తే మానేశానని చెప్పు. ఫోను యాపుల్లో అప్పు మాత్రం చేయకు, ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. అద్దె బాకీ ఉంటే నాన్నకు చెప్పు, ఆయన అరవరు, నేను మాట్లాడి ఉంచాను. రాత్రి తొందరగా పడుకో. హోటలు పరోటాలు మాని కుక్కర్‌లో గుప్పెడు పప్పు, ఒక కట్ట తోటకూర వేసుకో, అది పెద్ద పనేమీ కాదు.

మధ్యాహ్నం చెన్నైలో పినాకిని ఎక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. టికెట్ డబ్బులు నీ ఖాతాలో వేయించాను. రాలేకపోతే రాత్రి ఎనిమిది తర్వాత బుజ్జి ఫోనుకు వీడియో కాల్ చెయ్యి. చీకట్లో కాకుండా లైటు వేసుకుని కూర్చో.

అమ్మ