బాఖ్ పక్కన వాస్క్స్ ఉండాల్సిందే

సంపాదకులకు నమస్కారం.

లాత్వియా రాజధాని రీగాలోని డోమ్ కెథడ్రల్‌లో జరిగే ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద కీబోర్డు వాద్యం) కచేరీల్లో, బాఖ్ కాలం నాటి బరోక్ అనే పాత ఐరోపా సంగీతంతో పాటు నేటి లాత్వియా స్వరకర్తల రచనలూ ఎందుకు, జనం వచ్చేది జర్మన్ స్వరకర్త బాఖ్ కోసమే కదా అని ఇక్కడి మా తెలుగు మిత్రులు కొందరు అంటుంటారు. నేను ఒప్పుకోను.

బాఖ్ శిష్యుడు మ్యూతెల్ ఈ నగరంలోనే ఆర్గనిస్టుగా పనిచేశారు. అంటే బాఖ్ ఇక్కడ పరాయివాడు కాదు. అలాగని ఇక్కడి సంగీతం ఆయనతోనే ఆగిపోలేదు. నేటి లాత్వియా స్వరకర్త పేటెరిస్ వాస్క్స్ పాస్టర్ కొడుకు కావడంతో సోవియట్ కాలంలో సొంత దేశంలో సంగీతం చదవడానికి వీల్లేక లిథువేనియా వెళ్లాల్సి వచ్చింది. ఆయన ఆర్గన్ కోసం 'తె దేఉమ్' రాసింది 1991లో, లాత్వియాకు మళ్లీ స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది. మరో లాత్వియా స్వరకర్త ఐవర్స్ కలేయ్స్ అయితే ఏళ్ల తరబడి ఈ కెథడ్రల్ ఆర్గనే వాయించారు, దానికోసం రాశారు కూడా.

1884లో ప్రారంభమైన వాల్కర్ సంస్థ తయారుచేసిన ఈ ఆర్గన్‌కు 6,718 గొట్టాలు. స్వరం ఆగాక కూడా నాదం ఆ రాతి గోడల మధ్య కొన్ని సెకన్లు నిలుస్తుంది. అందుకే వేగంగా వాయిస్తే బాఖ్ ఫ్యూగ్‌లో (ఒకే బాణీ ఒకదాని వెంట ఒకటిగా పలు వరసల్లో అల్లుకునే రచన) స్వరాలు కలగాపులగమవుతాయి. వాస్క్స్ సంగీతంలోని దీర్ఘమైన స్వరాలకు ఆ ప్రతిధ్వనే బలం. పాదాలతో వాయించే పెడల్ మీది మంద్రస్వరం చెవికంటే ముందు కూర్చున్న బల్లకు తెలుస్తుంది!

నిర్వాహకులను కోరేది ఒకటే. కొత్త రచనను చివర్లో కాకుండా మధ్యలో పెట్టండి, దాని గురించి ముందుగా రెండు మాటలు చెప్పండి.

– ఒక తెలుగు శ్రోత, రీగా