స్వెట్టర్లు సరే, పైపుల సంగతి అడగండి

సంపాదకునికి,

అమెరికాలో మంచు తుఫాను హెచ్చరిక రాగానే బెంగళూరులోని తెలుగు తల్లిదండ్రులు పిల్లలను స్వెట్టర్ల గురించే అడుగుతారు. అడగాల్సింది పైపుల గురించి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ గడ్డకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీటి ఒత్తిడికే చాలాసార్లు పైపు పగులుతుంది. అందుకే బయటి గోడవైపు కుళాయిలను సన్నగా కారనివ్వాలి, సింకు కింది తలుపులు తెరిచి ఉంచాలి. ఊరెళ్లినా హీటరును అక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో 55 డిగ్రీలకన్నా (మన లెక్కలో సుమారు 13 సెల్సియస్) తగ్గించకూడదు. పైపు పగిలితే ఇంటికంతటికీ నీరు ఆపే మెయిన్ వాల్వు ఎక్కడుందో అద్దెకున్నవాళ్లలో ఎందరికి తెలుసో!

అంతకన్నా ప్రమాదం కరెంటు పోయాక. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు నడిపి, ఇంట్లో బొగ్గులు కాల్చి కార్బన్ మోనాక్సైడ్‌కు బలైనవారున్నారు. ఆ విషవాయువుకు వాసన ఉండదు. అందుకే జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయటే ఉండాలి.

ఒక పాఠకుడు,
మల్లేశ్వరం, బెంగళూరు