గీత ఒకటే, చదివేవాళ్లు వేరు

సంపాదకులు గారికి,

మీ ఆధ్యాత్మిక పేజీలో గీతా శ్లోకాలకు 'అసలు అర్థం ఇదే' అన్నట్టు రాయడం నాకు నచ్చడం లేదు. తిలక్ మాండలే జైల్లో కూర్చుని 1910-11లో గీతారహస్యం రాశారు, రాజద్రోహం కేసులో శిక్ష పడిన ఆ మనిషికి గీత మొత్తం కర్మయోగంగా, పని చెయ్యమనే పిలుపుగా కనిపించింది. గాంధీజీకి అదే కురుక్షేత్రం మనిషి లోపల జరిగే యుద్ధం, ఆయన అందులోంచి అహింసను తీశారు. అంబేద్కర్ 'చాతుర్వర్ణ్యం మయా సృష్టం', అంటే నాలుగు వర్ణాలనూ నేనే సృష్టించానని కృష్ణుడు చెప్పే మాట దగ్గర ఆగారు. ఆగరా మరి? బడిలో విడిగా గోనెసంచి మీద కూర్చుని చదువుకున్న మనిషి ఆ మాటను దాటి ముందుకు ఎలా వెళ్తాడు? గుణాన్ని బట్టే గానీ పుట్టుకను బట్టి కాదని మనం తేలిగ్గా చెప్పేస్తాం, ఆ విభజన వల్ల మనకేం నష్టం జరగలేదు కాబట్టి. ఇందులో ఎవరి నిజాయితీనీ నేను శంకించడం లేదు.

పని మీదే నీకు అధికారం, ఫలితం మీద కాదు అనే 'కర్మణ్యేవాధికారస్తే' కూడా అంతే. జీతం పెంచమని అడిగిన ఉద్యోగికి ఆఫీసర్ ఆ శ్లోకం చెబితే ఒకలా వినిపిస్తుంది, పరీక్ష టెన్షన్‌లో ఉన్న పిల్లకి అమ్మ చెబితే ధైర్యంగా ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను, ఆ 'చాతుర్వర్ణ్యం' మాట ఉన్న నాలుగో అధ్యాయం 13వ శ్లోకం వచ్చినప్పుడు ఒక్క పండితుడితోనే రాయించకండి. ఒక దళిత రచయితతో, పొలం పని చేసుకునే ఒక ఆడమనిషితో కూడా మాట్లాడి, పక్కపక్కనే వెయ్యండి.

- ఒక పాఠకురాలు, తెనాలి