హాఫ్ నట్ విప్పకు

ఒరేయ్ మామా,

నీ ఫోటో చూశాను. ఆ ఎం20 (20 మిల్లీమీటర్ల వ్యాసం) జాబ్ మీద మరలు జంటగా పడ్డాయి చూడు, అది టూలు తప్పు కాదురా, నీ చెయ్యి కూడా బాగానే ఉంది. నువ్వు కొన్నది అంగుళాల లెక్కలో చేసిన లేతు (జాబ్‌ని తిప్పుతూ టూలుతో కోసే యంత్రం). దాని లీడ్ స్క్రూకి, అదే టూలుని నడిపే పొడవాటి మర కడ్డీకి, అంగుళానికి 4 మరలు, అంటే పిచ్ (ఒక మర నుంచి పక్క మరకి దూరం) 6.35 మిల్లీమీటర్లు. నువ్వు కోస్తున్నదేమో 2.5 మిల్లీమీటర్ల పిచ్. ఆ రెంటికీ పొంతన లేదు. అంగుళానికి 8 మరలు కోస్తుంటే హాఫ్ నట్ (టూలుని లీడ్ స్క్రూకి కలిపే పట్టు) ఎక్కడ వేసినా టూలు పాత గాడిలోనే దిగుతుంది కాబట్టి మనకి లేపడం, వెయ్యడం అలవాటైపోతుంది, మెట్రిక్ దగ్గర ఆ అలవాటే కొంప ముంచుతుంది.

నాకూ అయింది. ఆటోనగర్‌లో చేరిన కొత్తలో ఒక షాఫ్టు, సగానికి పైగా లోతు వెళ్ళింది, టీ వచ్చిందని హాఫ్ నట్ లేపేశాను. మళ్ళీ వేస్తే టూలు సరిగ్గా మర కొన మీద దిగింది. కీచుమని ఒక్క అరుపు, చుట్టూ తెల్లటి గీత. ఆ షాఫ్టు చూస్తే ఇప్పటికీ బాధే.

అందుకని హాఫ్ నట్ ఒకసారి వేశాక పని అయ్యేదాకా ముట్టుకోకు. చివర గాడిలోకి రాగానే మోటారు ఆపు, ముందు టూలు వెనక్కి లాగు, ఆ తర్వాతే రివర్స్ వెయ్యి. జాబ్ దాటి ఇంకాస్త వెనక్కి రానివ్వు, లేకపోతే గేర్లలో ఉన్న లూజు మొదటి మరలోనే తెలుస్తుంది. గేర్లు స్పిండిల్ (జాబ్‌ని తిప్పే ఇరుసు) వైపు 50 పళ్ళు, లీడ్ స్క్రూకి 127 పళ్ళు, మధ్యలో ఏదైనా ఐడ్లర్ (రెంటినీ కలిపే గేరు). 25.4ని ఐదుతో గుణిస్తే 127, అందుకే ఆ గేరు లేకుండా లెక్క కచ్చితంగా తేలదు. దొరికితే మాత్రం వదలకు.

మొదట ఊరికే గీత పడేలా ఒక్క పాస్ వేసి స్కేలు పెట్టు. పది మరలకి 25 మిల్లీమీటర్లు రావాలి. కాంపౌండ్‌ని (టూలు కింద ఏటవాలుగా తిప్పుకోగలిగే చిన్న స్లైడు) ఇరవై తొమ్మిదిన్నర డిగ్రీలకి తిప్పుకుని దానితోనే లోతు ఇవ్వు, టూలు ఒక పక్కే కోస్తుంది, చిప్ (కోసిన లోహపు తీగ) సాఫీగా చుట్టుకుంటూ వస్తుంది. రెండు పక్కలా కోస్తే చిప్ ఇరుక్కుని మర చిరుగుతుంది. కాంపౌండ్ మీద మొత్తం 1.76 మిల్లీమీటర్ల దాకా వెళ్ళాలి. 1.6 దగ్గర్నుంచి మాత్రం నట్టు పెట్టి చూస్తూ కొద్దికొద్దిగా తీసుకో, ఆఖర్న లోతు పెంచకుండా ఒకటి రెండు పాస్‌లు.

చక్ (జాబ్‌ని పట్టుకునేది) మరలతో బిగించే రకమైతే రివర్స్ ఒక్కసారిగా వెయ్యకు, ఊడొస్తుంది. దాని ఫోటో కూడా పంపు, చూసి చెబుతాను.